బీబీసీ మైక్రో మోడల్ బి సమీక్ష: విండో ఒక లెక్క, తెర జరుపుడు ఇంకో లెక్క

మొదటి వరస సగం తెగిపోయి, ఆజ్ఞ కొట్టమని అడిగే ప్రాంప్ట్ గుర్తు ఎడమ అంచులో దాక్కుంటే చాలామంది నేరుగా టీవీ వెనక్కి వెళ్లి స్క్రూలు తిప్పుతారు. బీబీసీ మైక్రో విషయంలో అది ఆఖరున చేయాల్సిన పని. ఈ మెషీన్‌లో ఆజ్ఞలు కొట్టే జాగా ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి, మొత్తం బొమ్మ గాజు మీద ఏ పక్కకి జరగాలి అన్నవన్నీ కీబోర్డు నుంచే చెప్పొచ్చు. 1981లో వచ్చిన ఇంటి కంప్యూటర్లో ఇంత వెసులుబాటు ఉండటం గొప్పే. కాకపోతే తప్పు కొడితే అది నోరు విప్పదు. తప్పు అంకెలిచ్చినా, ఒక అంకె తక్కువ ఇచ్చినా ఊరుకుంటుంది. ఈ సమీక్షలో సగం ఆ మౌనాన్ని ఎలా చదవాలన్నదే.

బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఈ పెట్టె కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకంలో బడులకి ఇచ్చింది బీబీసీ మైక్రోలే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఇదే మెషీన్‌ని ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో చేసింది. దాని మీదా ఇవే ఆజ్ఞలు పనిచేస్తాయి. ఇక్కడ ఆజ్ఞలను తెలుగు లిపిలో రాశాం. మెషీన్‌లో మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాలతో కొట్టాలి.

ముందు రెండు లెక్కలను విడదీయాలి. ఒకటి టెక్స్ట్ విండో, అంటే తెర లోపల అక్షరాలు పడే జాగా. దాన్ని కట్టేది ‘వీడీయూ 28’. రెండోది మొత్తం బొమ్మ టీవీ గాజు మీద కూర్చునే చోటు. నిలువుగా జరిపేది ‘*టీవీ’, అడ్డంగా జరిపేది తెర నడిపే 6845 చిప్‌లోని ఒక రిజిస్టర్, అంటే చిప్ లోపల ఒక అంకె దాచుకునే చిన్న అర. ఈ రెండు లెక్కలూ కలిపేసినవాళ్లు గంటలు పోగొట్టుకుంటారు. ఏది ఏ పూట పనిచేస్తుందో కూడా వేరే: ‘*టీవీ’ని మోడ్ (తెర మీద ఎన్ని గడులు, ఎన్ని వరసలో చెప్పే అమరిక) మార్చడానికి ముందు ఇవ్వాలి, ‘వీడీయూ 28’ని మోడ్ మార్చాక ఇవ్వాలి. అటుదిటు చేస్తే రెండూ పోతాయి. ‘*టీవీ’ ప్రభావం తర్వాతి మోడ్ మార్పుదాకా కనబడదు. మోడ్ మారగానే కట్టిన విండో చెరిగిపోతుంది.

విండో దగ్గర మొదలుపెడదాం. ‘వీడీయూ 28’ తర్వాత నాలుగు అంకెలు ఇవ్వాలి: ఎడమ, కింద, కుడి, పైన. ఈ వరసే అందరినీ పడగొడుతుంది. మనిషి చెయ్యి సహజంగా ఎడమ, పైన, కుడి, కింద అని రాస్తుంది. వరసలు పైనుంచి కిందికి సున్నా నుంచి లెక్క, నిలువు గడులు ఎడమ నుంచి కుడికి సున్నా నుంచి లెక్క. మోడ్ 7లో 40 గడులు, 25 వరసలు కాబట్టి ఆఖరి గడి 39, ఆఖరి వరస 24. పై అయిదు వరసలు శీర్షికకి వదిలి మిగతాది ఆజ్ఞలకి కావాలంటే ‘వీడీయూ 28,0,24,39,5’ అని కొట్టాలి. అదే ‘వీడీయూ 28,0,5,39,24’ అని కొడితే కింది వరస సంఖ్య పై వరస కన్నా చిన్నదైపోతుంది. మెషీన్ ఆ నాలుగు అంకెల్నీ మింగేసి పాత విండోతోనే నడుస్తుంది. లోపం సందేశం రాదు, బీప్ కూడా ఉండదు. మోడ్ పరిధి దాటిన అంకెకీ ఇదే శిక్ష. మోడ్ 7లో 40 అని రాసినా, మోడ్ 5లో 39 అని రాసినా (అందులో 20 గడులే) ఏమీ జరగదు.

అందుకే ఏ మోడ్‌లో ఎన్ని గడులో నోటికి రావాలి. 0లో 80 గడులు, 32 వరసలు. 1లోనూ 4లోనూ 40, 32. 2లోనూ 5లోనూ 20, 32. 3లో 80, 25. 6లో 40, 25. 7లో 40, 25. మోడ్ 3, మోడ్ 6 అక్షరాలకే, బొమ్మలు గీయవు. వాటిలో వరసల మధ్య ఖాళీ గీతలు కనబడతాయి, అది జబ్బు కాదు, ఆ మోడ్ కట్టుబడే అంత. అంకెలు ఒకటి తక్కువ ఇచ్చినప్పుడు లక్షణం ఇంకాస్త వింతగా ఉంటుంది. ‘వీడీయూ 28,0,24,39’ అని మూడే ఇచ్చి రిటర్న్ కొడితే నాలుగోది వస్తుందని మెషీన్ కాచుకుని కూర్చుంటుంది. తర్వాత వచ్చేది మెషీన్‌లోని బేసిక్ భాష వేసే ‘>’ గుర్తు. దాన్నే నాలుగో అంకెగా తీసుకుంటుంది. ఆ గుర్తు కోడు 62, అంటే పరిధి బయట, కాబట్టి విండో మారదు. తెర మీద మీకు కనబడేది ఒకే ఒక్క ఆనవాలు: ఒకచోట ప్రాంప్ట్ గుర్తు లేకుండా కర్సర్ మాత్రమే ఆడుతూ ఉంటుంది. ఆ మాయమైన ‘>’ చూశారంటే కొట్టిన వరసలో అంకె తగ్గిందని వెంటనే చెప్పెయ్యొచ్చు. ఈ మెషీన్ మీద నేర్చుకోవలసిన చిన్న విద్యల్లో ఇదొకటి.

విండో ఎక్కడుందో కంటికి కనబడాలంటే మోడ్ 1 లేదా 4లో ‘కలర్ 129’ ఇచ్చి ‘సీఎల్ఎస్’ కొట్టండి. విండో మేర మాత్రమే రంగు నిండుతుంది. సీఎల్ఎస్ పని కూడా అంతే, విండో లోపలే తుడుస్తుంది. బయట పాత అక్షరాలు మిగిలిపోయి ‘తెర చెరగడం లేదు’ అనే ఫిర్యాదు చేసేది దీని వల్లే. మొత్తం చెరగాలంటే ముందు విండో విప్పాలి: ‘వీడీయూ 26’, తర్వాత ‘సీఎల్ఎస్’. లేదా ఒకే దెబ్బకి ‘వీడీయూ 26,12’. ‘ట్యాబ్’తో అక్షరాలు పెట్టేటప్పుడు సున్నా,సున్నా అంటే తెర మూల కాదు, విండో మూల. విండో కట్టాక శీర్షిక వరస మీద రాయాలంటే విండో విప్పి, రాసి, మళ్లీ కట్టాలి. కట్టేటప్పుడు కర్సర్ కొత్త విండో బయట ఉండిపోతే దాన్ని మెషీనే పై ఎడమ మూలకి తెచ్చి పెడుతుంది. లోపలే ఉంటే కదల్చదు. విండో కట్టగానే కర్సర్ ఒకోసారి ఎగిరి ఒకోసారి ఆగడానికి కారణం ఇదే.

ప్రోగ్రాం ఏదో చేసేసి ఆజ్ఞలు రెండు గడుల సందులో కొట్టాల్సి వస్తే గాబరా పడొద్దు. ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కండి. అది 26వ అక్షరం, అంటే ‘వీడీయూ 26’తో సమానం. విండో పూర్తి తెరకి తిరిగొస్తుంది. రిటర్న్ కూడా అక్కర్లేదు. బ్రేక్ నొక్కి ‘ఓల్డ్’ కొట్టే అలవాటు కన్నా ఇది మేలు, ఎందుకంటే మోడ్ మారదు, రాసుకున్న వేరియబుల్స్ పోవు.

కొన్ని లక్షణాలు విండోలా కనిపించి విండో కాకపోవచ్చు. ‘వీడీయూ 5’ ఇచ్చి ఉంటే అక్షరాలు గ్రాఫిక్స్ కర్సర్ దగ్గర పడతాయి, టెక్స్ట్ విండో లెక్కలోకి రాదు, ఆడే కర్సర్ మాయమవుతుంది. ‘వీడీయూ 4’ ఇస్తే తిరిగి మామూలే. లిస్టింగ్ (ప్రోగ్రాంని తెర మీద చూపించే జాబితా) వరసలు మధ్యలో విరిగిపోతుంటే, విండో సరిగ్గానే ఉంటే, ఏదో ప్రోగ్రాం ‘విడ్త్’ మార్చి వదిలేసి ఉంటుంది. ‘విడ్త్ 0’ కొట్టండి. లిస్టింగ్ సగంలో ఆగి కదలకపోతే, విండో నిండగానే ఆగే పేజీ మోడ్ ఆన్‌లో ఉంది. షిఫ్ట్ నొక్కితే ముందుకి పోతుంది, కంట్రోల్-ఓ నొక్కితే ఆ మోడ్ పోతుంది. చిన్న విండోలో పేజీ మోడ్ తరచూ ఆగుతుంది కాబట్టి మెషీన్ బిగుసుకుపోయిందనుకుని కరెంటు తీసేవాళ్లున్నారు. బొమ్మలు గీసే జాగాకి, అంటే గ్రాఫిక్స్ విండోకి ‘వీడీయూ 24’, అందులో అంకెల మధ్య సెమికోలన్లు, చివర కూడా ఒక సెమికోలన్. ఆఖరిది మర్చిపోతే మళ్లీ ప్రాంప్ట్ మింగుడే.

వేగం గురించి ఖచ్చితంగా చెప్పాలి. విండో లేనప్పుడు తెర పైకి జరగడాన్ని 6845 చిప్ చూసుకుంటుంది, చిరునామా ఒకటి మార్చితే సరిపోతుంది. విండో కట్టగానే ఆ దారి మూసుకుపోతుంది. 6502 ప్రాసెసర్ ఒక్కో బైటునీ మెమరీలో పైకి మోయాలి. మోడ్ 7 తెర మెమరీ ఒక కిలోబైటే కాబట్టి తేడా అంతగా తెలియదు. మోడ్ 0, 1, 2 తెరలు 20 కిలోబైట్లు. వాటిలో పెద్ద విండో కట్టి లిస్టింగ్ పారిస్తే వరస వరసకీ ఈడ్చుకుంటూ పోవడం కంటికి కనబడుతుంది. మెషీన్ ముసలిదైపోయిందని కాదు, పని ఎక్కువైంది. కాబట్టి ఆజ్ఞల విండోకి మోడ్ 7 మంచిది, అది నచ్చకపోతే 8 కిలోబైట్ల మోడ్ 6. ఇంకో కారణం కూడా ఉంది. డిస్క్ ఇంటర్‌ఫేస్ ఉన్న మోడల్ బి‌లో మోడ్ 0లోకి వెళ్తే ప్రోగ్రాంకి మిగిలేది 5,888 బైట్లు. మోడ్ 7లో 25,344. ప్రోగ్రాం పెద్దదైతే మోడ్ 0 అడగ్గానే ‘బ్యాడ్ మోడ్’ అంటుంది. ఈ ఒక్క తప్పుని మాత్రం నోరు విప్పి చెప్తుంది, సంతోషించాలి.

మోడ్ 7లో రంగు విండో కట్టే పద్ధతి ఒకటి తెలుసుకుని తీరాలి. ఈ మోడ్‌లో ‘కలర్’ ఆజ్ఞ పనిచేయదు. రంగు కోడు తెర మీద ఒక గడి తీసుకుని, అక్కణ్నుంచి ఆ వరస చివరిదాకా రంగు మారుస్తుంది. వరస తుడిస్తే రంగూ పోతుంది. అందుకని ముందు విండో లేకుండా 0 నుంచి 24 వరకు ప్రతి వరసలో సున్నా గడిలో 130 కోడు (పచ్చ) వేయండి, సెమికోలన్‌తో ముగిస్తూ. ఆ సెమికోలన్ లేకపోతే ఆఖరి వరస దగ్గర తెర పైకి జరిగిపోయి ఒక వరస రంగు కోల్పోతుంది. తర్వాత ‘వీడీయూ 28,1,24,39,0’. విండో ఒకటో గడి నుంచి మొదలవుతుంది కనుక రంగు కోడ్లు దానికి బయట భద్రంగా ఉండిపోతాయి. ఎంత జరిపినా, ఎన్నిసార్లు చెరిపినా ఆజ్ఞలన్నీ పచ్చగానే వస్తాయి. 39 గడులే మిగులుతాయి, అంతే నష్టం. పసుపు కావాలంటే 131, లేత నీలం కావాలంటే 134. ఎడమ అంచు తెగే టీవీలకి ఇది రెండు రకాలుగా ఉపకారం, తెగిపోయే గడిలో అక్షరమే ఉండదు కదా.

ఇప్పుడు రెండో లెక్క, గాజు మీద చోటు. ‘*టీవీ 255’ అంటే ఒక వరస కిందికి, ‘*టీవీ 254’ అంటే రెండు. ‘*టీవీ 1’ అంటే ఒకటి పైకి. కామా తర్వాత రెండో అంకె ఇంటర్‌లేస్ (ఒక సారి సరి గీతలు, ఒక సారి బేసి గీతలు గీసే పద్ధతి): 0 ఇస్తే ఉంటుంది, 1 ఇస్తే తీసేస్తుంది. పాత ట్యూబు టీవీలో ‘*టీవీ 0,1’ ఇస్తే అక్షరాల వణుకు తగ్గుతుంది. కానీ మోడ్ 7లో రెండో అంకెని మెషీన్ పట్టించుకోదు, ఆ మోడ్‌కి ఇంటర్‌లేస్ తప్పనిసరి. కొన్ని ఫ్లాట్ టీవీలు ఇంటర్‌లేస్ తీసిన సిగ్నల్‌ని గుర్తుపట్టక ‘నో సిగ్నల్’ అంటాయి. మోడ్ 7లో బొమ్మ వచ్చి మోడ్ 4లో నల్లగా పోతే ముందు అనుమానించాల్సింది ఇదే. ‘*టీవీ 0,0’ కొట్టి మళ్లీ మోడ్ మార్చి చూడండి.

అడ్డంగా జరిపే ఆజ్ఞ లేదు. మెషీన్ డిజైన్‌లో ఇది లోటే అనాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులు ఎడమ అంచువే. దారి మాత్రం ఉంది. 6845లో 2 నంబరు రిజిస్టర్ అడ్డ సింక్ (కొత్త గీత మొదలుపెట్టమని టీవీకి ఇచ్చే సంకేతం) ఎక్కడ పడాలో చెప్తుంది. దాని మామూలు విలువ మోడ్ 0 నుంచి 3 వరకు 98, మోడ్ 4, 5, 6లో 49, మోడ్ 7లో 51. అంకె ఒకటి తగ్గిస్తే బొమ్మ కుడికి, పెంచితే ఎడమకి. మోడ్ 7లో మొదటి అక్షరం తెగుతుంటే ‘వీడీయూ 23,0,2,50,0;0;0;’ కొట్టండి. 23 తర్వాత సరిగ్గా తొమ్మిది బైట్లు పోవాలి; సెమికోలన్ ఉన్న ప్రతి సున్నా రెండు బైట్లు కాబట్టి ఆ మూడు సున్నాలు ఆరు. ఒక సెమికోలన్ కామాగా మారినా లెక్క తప్పుతుంది. మోడ్ 4, 6, 7లో ఒక మెట్టు అంటే ఒక అక్షరం వెడల్పు, మోడ్ 5లో సగం అక్షరం. రెండు మూడు మెట్లకి మించి వెళ్లొద్దు, టీవీ సింక్ వదిలేసి బొమ్మ చిరిగిపోతుంది. అలా అయితే కనబడకపోయినా బ్రేక్ నొక్కండి, మోడ్ మళ్లీ పెట్టేటప్పుడు మెషీన్ పాత విలువ రాసుకుంటుంది. ఇదే కారణంగా ఈ సవరణ మోడ్ మారిన ప్రతిసారీ పోతుంది. ‘*టీవీ’ మాత్రం మోడ్ మారినా గుర్తుంటుంది, కరెంటు తీస్తే పోతుంది.

డిస్క్ ఉన్నవాళ్లకి రోజూ కొట్టే బాధ అక్కర్లేదు. ‘*బిల్డ్ !బూట్’ అని మొదటి వరసలో ‘*టీవీ 255’, రెండో వరసలో ‘మోడ్ 7’, మూడో వరసలో ఆ ‘వీడీయూ 23’ వరస రాసి ఎస్కేప్ నొక్కండి. ఆపైన ‘*ఆప్ట్ 4,3’. ఇక షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ నొక్కితే చాలు. విండో ఆజ్ఞని మాత్రం ఇందులో పెట్టకండి. మీ ప్రోగ్రాం మొదట్లో మోడ్ మార్చగానే అది పోతుంది. ప్రోగ్రాంలోనే, మోడ్ వరస కిందే రాయండి.

కీబోర్డు నుంచి ఎంత చేసినా తేలకపోతే అప్పుడు టీవీ వైపు చూడాలి. బీబీసీ మైక్రో వీడియో సాకెట్ బీఎన్‌సీ రకం. పాత కంప్యూటర్ల సామాను దొరకదని దిగులుపడక్కర్లేదు. సీసీ కెమెరాలు బిగించే దుకాణం ఏ ఊళ్లోనైనా ఉంటుంది, 75 ఓం కేబులూ, బీఎన్‌సీ నుంచి ఆర్‌సీఏకి మార్చే చిన్న పిన్నూ అక్కడే దొరుకుతాయి. టీవీలో ఏవీ ఇన్‌పుట్ పెట్టి, మెనూలో బొమ్మ నిష్పత్తి 4:3 చేయండి, జూమ్ తీసేయండి. 16:9 జూమ్‌లో పై రెండు వరసలు, కింది రెండు వరసలు గల్లంతవుతాయి. అది ఏ ‘*టీవీ’తోనూ బాగుపడదు, ఒక పక్క లాగితే ఇంకో పక్క పోతుంది. పైనా కిందా సమానంగా తెగితే టీవీది తప్పు, ఒక పక్కే తెగితే మెషీన్ నుంచి జరపొచ్చు. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలా పని తగ్గుతుంది.

చవక ఏవీ-హెచ్‌డీఎంఐ డబ్బాల్ని సిఫారసు చేయలేం. 50 హెర్ట్జ్ సిగ్నల్‌ని 60కి మార్చేటప్పుడు జరిగే అక్షరాలు ఎగిరెగిరి పడతాయి, అంచులూ కోస్తాయి. 80 గడుల మోడ్‌లకి ఆ బీఎన్‌సీ సాకెట్ నుంచి ఒకే తీగలో వచ్చే కాంపోజిట్ సిగ్నల్ ఎలాగూ చాలదు, అక్షరాలు అలుక్కుపోతాయి. మోడ్ 0, 3 వాడాలంటే ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా వచ్చే ఆర్‌జీబీ సాకెట్ నుంచి తీసుకోవాలి. అది టీటీఎల్ స్థాయి (ఉంది, లేదు అనే రెండే మెట్ల డిజిటల్) సిగ్నల్, టీవీ అనలాగ్ పిన్నుకి నేరుగా కలపకూడదు. రాస్‌ప్బెర్రీ పై జీరో మీద నడిచే ‘ఆర్‌జీబీ-టు-హెచ్‌డీఎంఐ’ బోర్డు దీనికి ఉన్నవాటిలో ఉత్తమం, చుక్క చుక్కా విడిగా కనబడుతుంది. దాన్ని సరిచేసే ముందు ‘*టీవీ 0,0’ చేసి మోడ్ మార్చండి. జరిపి ఉన్న తెర మీద సరిచేస్తే మళ్లీ మామూలుకి వచ్చినప్పుడు తిప్పలు మొదలవుతాయి.

పాతది కొనబోయేవాళ్లకి మా తీర్పు: కొనొచ్చు, కానీ ప్లగ్గు పెట్టే ముందు పవర్ సప్లై విప్పించండి. అందులో మెయిన్స్ వైపు 0.1, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండుంటాయి. పారదర్శకమైన పసుపు తొడుగు మీద బీటలు కనబడితే మార్చి తీరాలి. బీటల్లోంచి తేమ దూరి, కరెంటు ఇచ్చిన కాసేపటికి పగిలి పొగ కక్కుతాయి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, 2013 ఫైలిన్ తుఫాన్నీ 2018 తిత్లీ తుఫాన్నీ చూసిన ఇళ్ల అటకల మీంచి దింపిన పెట్టెల్లో ఈ పని అడక్కుండానే చేయించాలి. పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా వోల్టేజీ నిలిచి ఉంటుంది, చెయ్యి తిరిగిన మెకానిక్ చేతనే చేయించండి.

ఆ తర్వాత పరీక్ష అయిదు నిమిషాల పని. ఆన్ చేయగానే ‘బీబీసీ కంప్యూటర్ 32కే’ అన్న వరస రావాలి. మొదటి అక్షరం తెగితే పర్లేదు, మార్గం పైన చెప్పాం. మోడ్ 7లో అక్షరాలు చిత్తుగా ఉండి మోడ్ 4లో శుభ్రంగా ఉంటే మోడ్ 7 అక్షరాలు తయారుచేసే టెలిటెక్స్ట్ చిప్ ఎస్‌ఏఏ5050ని సాకెట్‌లోంచి తీసి మళ్లీ కూర్చోబెట్టించండి, ఉప్పు గాలికి కాళ్లు నల్లబడటం మామూలే. తర్వాత ‘మోడ్ 1’, ‘వీడీయూ 28,5,25,34,5’, ‘కలర్ 129’, ‘సీఎల్ఎస్’. మధ్యలో చక్కటి ఎర్ర దీర్ఘచతురస్రం వస్తే తెర మెమరీ, వీడియో చిప్ బాగున్నట్టే. అందులో గీతలు, మచ్చలు పడితే మెమరీ చిప్‌ని అనుమానించి బేరం తగ్గించండి. చివరగా కంట్రోల్-జెడ్ కొట్టి కర్సర్ తెర మూలకి తిరిగి వెళ్లిందో లేదో చూసుకోండి.